ఎ. ఎం. కసాండ్ర్

ఎ. ఎం. కసాండ్ర్ (జనవరి 24, 1901 - జూన్ 17, 1968) ప్రముఖ ఫ్రెంచి చిత్రకారుడు, పోస్టరు కళాకారుడు, అక్షర రూపకర్త. ఇతని అసలు పేరు అడాల్ఫ్ జాఁ-మారీ మూరోఁ. సముద్రాలు దాటే ప్రయాణికుల ఓడల కొరకు ఇతడు రూపొందించిన పోస్టర్లు, ఆ ఓడలు నశించిన తరువాత కూడా నిలిచి, సేకరణకర్తలకు అపురూప వస్తువులయ్యాయి.

బాల్యము, విద్య

కసాండ్ర్ నాటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కివ్ (నేటి ఉక్రెయిన్) నగరంలో ఫ్రెంచి దంపతులకు జన్మించాడు. యుక్తవయసులో పారిస్ చేరి, అక్కడి జూలియన్ అకాడమీలో చిత్రకళను అభ్యసించాడు. జీవనోపాధికై పోస్టర్లు గీయడం ప్రారంభించి, వాటికి కసాండ్ర్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. 1923లో ఒక గృహోపకరణాల దుకాణం కొరకు గీసిన, చెట్టు నరికే కట్టెలవాని చిత్రం ఇతనికి పేరు తెచ్చింది.

ఓడల పోస్టర్లు

1927లో రైళ్ళ పోస్టర్లతో ప్రసిద్ధుడైన కసాండ్ర్, 1931లో లట్లాంటిక్ అనే ఓడకు పోస్టరు గీశాడు. అందులో ఓడ కోటగోడ వలె కాగితమంతా ఆక్రమించగా, పక్కనే ఒక చిన్న పడవ ఉంటుంది. ఆ పడవను చూచిన తరువాతే ఓడ ఎంత పెద్దదో బోధపడుతుంది. 1935లో నార్మండీ ఓడ తొలి ప్రయాణ సందర్భంగా గీసిన పోస్టరు ఇతని రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అందులో ఓడ ముందుభాగం నీటిమట్టం నుండి తలెత్తి చూచినట్లు కనబడుతుంది. దాని అడుగున ఎగిరే చిన్న పక్షుల గుంపు ఓడ పరిమాణాన్ని తెలుపుతుంది.

లట్లాంటిక్ 1933 జనవరిలో అగ్నికి ఆహుతి అయ్యింది. నార్మండీ 1942 ఫిబ్రవరి 9న న్యూయార్కు రేవులో, సైనికుల రవాణాకు అనువుగా మార్చుతుండగా నిప్పంటుకొని, మంటలార్పుటకు పోసిన నీటి బరువుకు పక్కకు ఒరిగిపోయింది. తరువాత దానిని తునకలు చేసి అమ్మివేశారు.

గోడలకు అంటించిన పోస్టర్లు వానకు, ఎండకు పాడైపోయేవి. అంటించకుండా మిగిలిన కొద్ది ప్రతులే నేడు సేకరణలలో ఉన్నాయి. పలుచని కాగితం చిరగకుండా వాటిని గుడ్డపై అతికించి భద్రపరుస్తారు. నార్మండీ పోస్టరును అడుగు భాగంలోని అక్షరాలు మార్చి పలుమార్లు ముద్రించారు. అందువలన సేకరణకర్తలు ముందుగా ఆ అక్షరాలను పరిశీలిస్తారు.

ఇతర కృషి

కసాండ్ర్ బిఫూర్ (1929), పెన్యో (1937) మొదలైన అచ్చు అక్షరాలను రూపొందించాడు. 1936లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఇతని పోస్టర్లను ప్రదర్శించింది. యుద్ధానంతరం ఎక్కువగా నాటకరంగ అలంకరణపై దృష్టి నిలిపాడు. ఈవ్ సాఁ లోరాఁ దుస్తుల సంస్థ చిహ్నం కూడా ఇతని సృష్టియే.

మరణం

జీవితపు చివరి కాలంలో తీవ్రమైన మానసిక కుంగుబాటుకు గురైన కసాండ్ర్, 1968 జూన్ 17న పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. గోడలపై కొద్దివారాలు నిలిచేందుకు ఇతడు గీసిన కాగితాలు ఇప్పుడు ప్రదర్శనశాలలలోను, వేలంపాటలలోను విశేష ఆదరణ పొందుతున్నాయి.