కర్నల్ సి.కె. నాయుడు

భారత టెస్టు క్రికెట్ జట్టుకు తొలి సారథిగా చరిత్రకెక్కిన కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. ఆయన పూర్వీకులు కృష్ణా జిల్లాలోని మచిలీపట్నానికి చెందిన తెలుగువారు.

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై ఆడిన తొలి పోటీలోనే నాయుడు తన ఖాతాను సిక్సరుతో ప్రారంభించారు. ఆయన ప్రతిభను గుర్తించిన హోల్కార్ మహారాజు 1923లో ఇందోర్‌కు ఆహ్వానించి, తన సైన్యంలో ఉద్యోగమిచ్చారు. కర్నల్ అన్న బిరుదు ఆ సేవ వల్ల లభించినదే.

1926 డిసెంబరులో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో ఆయన రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లున్నాయి. భారతీయులు ఆంగ్లేయులతో సమానంగా ఆడగలరన్న విశ్వాసం ఆనాడు ప్రజలలో బలపడింది.

ఆ రోజుల్లో జట్టు నాయకత్వం సాధారణంగా సంస్థానాధీశులకే దక్కేది. 1932 ఇంగ్లండు పర్యటనకు పోరుబందర్ మహారాజు నాయకుడిగా వెళ్లారు. అయితే టెస్టు మ్యాచ్‌కు ఆయన తప్పుకోవడంతో ఆ బాధ్యత నాయుడికి లభించింది. జూన్ 25న లార్డ్స్ మైదానంలో ఆరంభమైన ఆ టెస్టులో చేతికి గాయమైనా, మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో ఆయనే జట్టులో అగ్రస్థానంలో నిలిచారు. భారత్ ఓడినా ఆయన కీర్తి తగ్గలేదు. మరుసటి సంవత్సరం విజ్డెన్ గ్రంథం ఆయనను అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఎంపిక చేసింది.

1936 పర్యటనలో మాత్రం నాయకత్వం విజయనగరం మహారాజకుమారునికి దక్కింది. పదవి పోయినా నాయుడి పట్టుదల సడలలేదు. ఓవల్ టెస్టులో ఆలెన్ విసిరిన బంతి శరీరానికి బలంగా తగిలినా, ఆయన క్రీజు వీడక 81 పరుగులు సాధించారు. అదే ఆయన చివరి టెస్టు. ఆడిన టెస్టులు ఏడే అయినా, ఆయన ప్రభావం ఆ సంఖ్యకు మించినది.

ఆ తరువాత హోల్కార్ జట్టును ఆయన క్రమశిక్షణతో తీర్చిదిద్దారు. 1945-46 నుండి 1952-53 వరకు ఆ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీని గెలుచుకుంది. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో పాల్గొన్నప్పుడు ఆయన ఆ జట్టు తరఫున ఆడారు. అరవై ఏళ్లు దాటాక కూడా, 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడారు.

1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. 1967 నవంబరు 14న ఇందోర్‌లో ఆయన కన్నుమూశారు. భారత క్రికెట్ బోర్డు ఆయన పేరిట 1994లో జీవిత సాఫల్య పురస్కారాన్ని నెలకొల్పింది. పదవి ఉన్నా, లేకున్నా కర్తవ్యాన్ని ఒకే నిష్ఠతో నిర్వర్తించినవారే చిరస్మరణీయులు కాగలరని నాయుడి జీవితం చాటుతున్నది.