గాంధీ మహాత్ముడు – మితాహారము

గాంధీ మహాత్ముని పేరు వినని తెలుగు గృహము నేటాలులో లేదు. గిరిమిటు తీరిన కూలీలపై విధించిన మూడు పౌనుల పన్నును తొలగించుటకై మన పూర్వులు సలిపిన పోరాటమునకు ఆయన నాయకుడు. ఆయన సత్యాగ్రహమును గూర్చి అనేకులు వ్రాసియున్నారు. కాని జీవితమంతయు ఆయన మరియొక పోరాటమును గూడ సాగించెను. అది భోజనపు పళ్లెము ఎదుట జరిగిన పోరాటము. తిండిని తగ్గించుటలో ఆయన ఎంత దూరము పోయెనో, మృత్యుద్వారము వఱకు పోయి ఎట్లు మరలి వచ్చెనో, తుదకు ఎట్టి మితమును కనుగొనెనో తెలిసికొనుట అందఱకును, ముఖ్యముగా యువతీయువకులకు, మేలు చేయును.

బాల్యము

మోహనదాసు కరమచంద గాంధీ 1869 అక్టోబరు 2న గుజరాతు దేశమందలి పోరుబందరులో వైష్ణవ కుటుంబమున జన్మించెను. తల్లి పుత్లీబాయి వ్రతనిష్ఠ గల ఇల్లాలు. ఒక చాతుర్మాస్యమున ఆమె సూర్యుని చూడనిదే భుజింపనని నియమము పట్టెను. వానకాలపు మబ్బులలో సూర్యుడు తొంగిచూడగానే పిల్లలు పరుగున వచ్చి తల్లికి చెప్పెడివారు. ఆమె వాకిటికి వచ్చునప్పటికి సూర్యుడు మరల మబ్బు చాటున దాగెడివాడు. ఆమె విచారింపక ఇంటిపనికి మరలెడిది. తిండి మానుట దుఃఖము కాదను భావము ఆ బాలుని మనస్సున అప్పుడే నాటుకొనెను.

కొంత ప్రాయము వచ్చిన పిమ్మట ఒక స్నేహితుని ప్రోద్బలముతో, ఆంగ్లేయులవలె బలము వచ్చునను ఆశచే, ఆయన రహస్యముగా మాంసము తినెను. సుమారు ఒక సంవత్సరములో అయిదాఱు మారులకు మించి అది జరుగలేదు. తలిదండ్రులతో అబద్ధమాడవలసి వచ్చుచున్నదను బాధచే దానిని విడిచెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు సీమకు పోవునపుడు మద్యమును, మాంసమును, పరస్త్రీని ముట్టనని తల్లి యెదుట ప్రమాణము చేసెను.

లండను నగరమున

ఆ ప్రమాణము లండనులో ఆయనను ఆకలితో మాడ్చెను. బసలోని ఉప్పు కారము లేని ఉడికించిన కూరలు ఆయన నోటికి సహింపలేదు. రెండు మూడు ముక్కలకు మించి రొట్టె అడుగుటకు సిగ్గుపడెను. శాకాహారశాలను వెదకుచు దినమునకు పది పండ్రెండు మైళ్లు తిరిగెడివాడు. ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో అట్టి భోజనశాల కంటబడెను. దాని వాకిటనే హెన్రీ సాల్టు శాకాహారమును గూర్చి వ్రాసిన పుస్తకమును ఒక షిల్లింగునకు కొని, లోనికి పోయి కడుపునిండ భుజించెను. ఆంగ్లదేశము చేరిన తరువాత అదియే ఆయనకు తొలి తృప్తికరమైన భోజనము.

నాటినుండి ఆహార పరిశోధన ఆయనకు వ్యసనమువంటిదయ్యెను. ఇంటినుండి తెప్పించుకొన్న మిఠాయిలను, మసాలాలను మానెను. ఒకప్పుడు చప్పగా తోచిన ఉడికిన ఆకుకూరయే ఇప్పుడు రుచించెను. రుచి నాలుకయందు కాక మనస్సునందున్నదని ఆయన గ్రహించెను. ఈ గ్రహింపు ఆయనకు బలమునిచ్చెను. ముందు రాబోవు కష్టములకు బీజము గూడ వేసెను. మనస్సు శాసించినచో దేహము దేనికైనను లోబడునని ఆయన నమ్మసాగెను.

దక్షిణాఫ్రికాలో

1893లో ఆయన దర్బనులో దిగెను. ఆ యేటనే ప్రిటోరియాలో నిప్పు తగులని పచ్చి ఆహారముతో జీవింప ప్రయత్నించెను. నానబెట్టిన గోధుమలు, బఠాణీలు, ఎండుద్రాక్షలు, బాదము పప్పు ఆయన భోజనము. ఆకలి తీరలేదు, నీరసము వచ్చెను. కొద్ది దినములకే ఆ ప్రయత్నమును మానుకొనవలసి వచ్చెను.

తరువాత కొన్ని సంవత్సరములకు శస్త్రచికిత్స జరిగిన కస్తూరిబాకు మరల రక్తస్రావము మొదలయ్యెను. ఉప్పును, పప్పును మానుమని భర్త ఆమెను బ్రతిమాలెను. పప్పన్న ఆమెకు ప్రీతి. మిమ్ము మానుమన్న మీరైనను మానలేరని ఆమె ఎత్తిపొడిచెను. తత్క్షణమే ఆయన ఒక సంవత్సరము రెండింటిని మానుచున్నానని పలికెను. ఆమె కన్నీరు పెట్టి, తానే మానెదను, ఆ మాట వెనుకకు తీసికొనుమని వేడుకొన్నను ఆయన వినలేదు. ఆమెకు స్వస్థత చేకూరెను. కాని ఒక్క క్షణమున నోట వెలువడిన నియమము ఇంటివారిని ఎంత బాధించునో ఈ కథ చెప్పుచున్నది.

1910లో జోహానెస్‌బర్గు సమీపమున టాల్‌స్టాయి క్షేత్రము ఏర్పడెను. పదునొకండు వందల ఎకరముల ఆ భూమిని వాడుకొనుటకు ఇచ్చినవాడు ఆయన మిత్రుడు, వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్. అక్కడ 1912లో మిత్రులిద్దఱును పాలను మానిరి. పాలు కామమును ఉద్రేకించునను తలంపు ఒక కారణము. ఎక్కువ పాలు పిండుటకై కలకత్తాలో గోవులను, గేదెలను పెట్టు హింసను గూర్చి చదువుట రెండవ కారణము. అంతటితో ఆగక ధాన్యములను గూడ విడిచి, పచ్చి వేరుసెనగలు, అరటిపండ్లు, ఖర్జూరములు, నిమ్మపండ్లు, ఆలివు నూనె మాత్రమే భుజించిరి. క్షేత్రమునుండి నగరమునకు ఇరువదియొక్క మైళ్లు. క్షేత్రవాసులు ఆ దూరమును కాలినడకనే పోయెడివారు. ఇంత నడువగల దేహమునకు పండ్లే చాలునని గాంధీకి తోచుట సహజము.

1913లో ఫీనిక్సు ఆశ్రమవాసులలో ఇద్దఱు చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తముగా ఆయన ఏడు దినములు ఉపవసించి, పిమ్మట నాలుగున్నర మాసములు ఒంటిపూట మాత్రమే భుజించెను. ఆ సంవత్సరమే గనులలోని మన కూలీలు పని మాని ఆయన వెంట నడచిరి. నవంబరు 6న సరిహద్దు దాటి ట్రాన్స్‌వాలులో ప్రవేశించినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. యాత్రలో ఒక్కొక్కరికి దినమునకు పౌనున్నర రొట్టె, ఒక ఔన్సు చక్కెర ఇచ్చిరి. అంతకు ముందు చార్లెస్‌టౌనులో అన్నము పప్పు వండి వడ్డించిన వంటవారికి గాంధీయే పెద్ద. ఒకనాడు పప్పు నీళ్లగుచుండెను, ఒకనాడు ఉడుకకుండెను. అయినను జనులు నవ్వుచు తినిరి.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. యజమాని కొలిచి యిచ్చిన బియ్యము, పప్పు, ఉప్పు, ఎండుచేపలతో కాలము గడపిన గిరిమిటు కూలీలకు తిండి తగ్గించుకొనుట వ్రతము కాదు. అది వారి నొసటి వ్రాత. వారి నాయకుడు కావలెనని తన తిండిని తగ్గించుకొనుచుండెను. కాని ఆ కూలీల ఆకలిని మాత్రము ఆయన ఎన్నడును తేలికగా తలపలేదు.

మృత్యుద్వారమున

1914లో లండను చేరిన గాంధీకి ఊపిరితిత్తుల పొర వాచి ప్రక్కనొప్పి పట్టుకొనెను. పాలు త్రాగుమని వైద్యులు చెప్పిరి. గురుతుల్యుడగు గోఖలే గట్టిగా నిర్బంధించెను. ఒక రాత్రియంతయు ఆలోచించి, ధర్మబుద్ధితో విడిచిన పాలను ముట్టననియు, ఇతర విషయములలో వైద్యుల మాట వినెదననియు నిశ్చయించెను. రొట్టెయు పచ్చికూరలును మరల ఆయన భోజనములో చేరెను. 1915లో భారతదేశము చేరి, హరిద్వారమున మరియొక వ్రతము పట్టెను: దినమునకు అయిదు వస్తువులకు మించి తినరాదు, చీకటిపడిన పిదప భుజింపరాదు.

1918లో ఖేడా మండలమున ఊరూర తిరుగుచు వేరుసెనగ వెన్న, నిమ్మపండ్లతోనే కాలము గడపెను. కొంచెముగా విరేచనములు పట్టుకొనెను. ఆగస్టు మాసములో ఒక పండుగనాడు కస్తూరిబా తియ్యని గోధుమ జావయు పెసలును వండెను. కొంచెము రుచి చూతమనుకొన్న ఆయన కడుపునిండ తినెను. ఎన్నో ఏండ్లు అణచిన ఆకలి ఒక్క పూటలో తిరుగబడెను. ఆనాడే రోగము ఉగ్రరూపము దాల్చెను. నడియాదులో ఒక్క దినమున ముప్పది నలుబది విరేచనములైనవి. ఆయన ఔషధమును ముట్టలేదు, ఆహారమును మానెను. తాను చేసిన పొరపాటునకు ఇది శిక్షయని తలచెను. దేహము ఎముకల గూడయ్యెను. చావు దాపురించెనని తలచి ఆశ్రమవాసులచే గీతా పారాయణము చేయించుకొనుచు పడియుండెను.

మాసములు గడచినను బలము రాలేదు. 1919 జనవరిలో బొంబాయిలో డాక్టరు దలాల్ పరీక్షించి, పాలు త్రాగనిదే ఈ దేహము తిరిగి నిలువదని నిష్కర్షగా చెప్పెను. వ్రతమున్నదని రోగి బదులు చెప్పెను. ఆవులను గేదెలను పెట్టు హింసయే కారణమని విని, ప్రక్కన నిలిచిన కస్తూరిబా, అట్లయినచో మేకపాలకు అభ్యంతరమేమని అడిగెను. వైద్యుడు అది చాలుననెను. గాంధీ అంగీకరించెను.

ఈ అంగీకారమును ఆయన ఎన్నడును విజయముగా చెప్పుకొనలేదు. వ్రతము పట్టినపుడు మేకపాలు మనస్సున లేకపోయినను, పాలన్నచో అన్ని పాలును అనియే అర్థమని, అక్షరమును నిలిపి ఆత్మను పోగొట్టుకొంటినని తన ఆత్మకథలో దాచక ఒప్పుకొనెను. సత్యాగ్రహము చేయుటకు బ్రతుకవలెనను కోరిక తన్ను లోబఱచెననెను. అయినను లోకము తెలిసినది: ఆ ఏప్రిలు మాసములోనే రౌలటు చట్టముపై దేశమంతట సత్యాగ్రహము లేచెను. ఇల్లాలి ఇంగితజ్ఞానము ఒక ప్రాణమును నిలిపినది.

రాజమహేంద్రవరపు పాఠము

పాఠము ఒక్కమారుతో ముగియలేదు. 1929లో ఆయన ఆంధ్రదేశమున ఖద్దరు యాత్ర చేయుచుండగా రాజమహేంద్రవరమున ఒక ప్రకృతి చికిత్సకుని కలిసికొనెను. నిప్పుపై వండిన ఆహారమే రోగములకు మూలమని ఆ పెద్దమనిషి నమ్మకము. ముప్పదియాఱేండ్ల క్రిందటి ప్రిటోరియా పరిశోధన గాంధీకి స్ఫురించెను. మే మాసమునుండి మొలకెత్తిన గోధుమలు 8 తులములు, నూఱిన బాదము పప్పు 8 తులములు, దంచిన పచ్చి ఆకులు 8 తులములు, నిమ్మపండ్లు 6, తేనె 2 ఔన్సులు దినభోజనముగా స్వీకరించెను, మేకపాలు మానెను. కొన్ని మాసములలోనే విరేచనములు తిరిగి వచ్చెను. కాని ఈ మాఱు ఆయన మృత్యువు వఱకు పోలేదు. ఆగస్టులో పరిశోధనను ఆపి, మరల మేకపాలు త్రాగెను. ఆ సంగతిని తన పత్రికలో బహిరంగముగా ప్రకటించెను. 1918కిని 1929కిని నడుమ గల భేదమిదియే. దేహము చెప్పిన మాటను ఆయన ఇప్పుడు వినెను.

మితము

1942లో పూనాలోని ఆగాఖాను భవనమున బందీగా నుండి ఆరోగ్యమును గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. పూర్వము 1913లో ఫీనిక్సునుండి వెలువడు ఇండియన్ ఒపీనియన్ పత్రికలో పాలను నిరసించినవాడే, మాంసము తిననివారికి పాలు అవసరమని ఇప్పుడు వ్రాసెను. కూర్చుండి పనిచేయువారికి దినమునకు పాలు 2 పౌనులు, ధాన్యములు 6 ఔన్సులు, ఆకుకూరలు 3 ఔన్సులు, ఇతర కూరలు 5 ఔన్సులు, పచ్చికూర 1 ఔన్సు, నేయి ఔన్సున్నర, బెల్లము ఔన్సున్నర, శక్తికొలది పండ్లు అని లెక్క కట్టెను. ఆ లెక్కలో ధాన్యమున్నది, నేయి యున్నది, తీపి యున్నది. ఉపవాసములు ఆయన మానలేదు; 1924, 1933, 1943 సంవత్సరములలో ఇరువదియొక్క దినముల ఉపవాసములు చేసెను. కాని అవి గడువుతో కూడిన దీక్షలు. నిత్యభోజనమునకు కొలత కావు.

కస్తూరిబా 1944 ఫిబ్రవరి 22న ఆ భవనముననే కన్నుమూసెను. ఆమె మాటపై మొదలైన మేకపాలు మాత్రము ఆయన భోజనమున నిలిచిపోయెను. 1948 జనవరి 30 సాయంకాలము ఢిల్లీలో పటేలుతో మాటలాడుచు ఆయన భుజించినవి మేకపాలు, వండిన కూరలు, పచ్చికూరలు, నారింజలు. పచ్చిదియు వండినదియు ఒకే పళ్లెములో నుండెను. ఆ వెనుకనే ప్రార్థనకు పోవుచు తుపాకి గుండ్లకు నేలకొరిగెను.

నేడు అందము కొఱకో, శుద్ధి కొఱకో అన్నము మాని కృశించు పిల్లలు ఏ దేశమునందైనను కలరు. అట్టివారికి మహాత్ముని వ్రతములు మాత్రమే చెప్పుట న్యాయము కాదు. వ్రతమునుండి ఆయన మరలి వచ్చిన దారిని గూడ చెప్పవలెను. దేహమును జయింపబోయి ఓడినవాడు, దానికి కావలసినది పెట్టి దానిచేత లోకసేవ చేయించెను. ప్రక్కన నిలిచి మేకపాలను గుర్తుచేయు ఆత్మీయులు ప్రతి యింటను ఉందురు. వారి మాట వినుట ఓటమి కాదు.