పాట ఆపేయమన్నారు: హిల్డెగార్డ్ కథ

మౌనం అనగానే మనకు దక్షిణామూర్తి గుర్తొస్తాడు. మర్రిచెట్టు కింద కూర్చుని, నోరు విప్పకుండానే శిష్యుల సందేహాలు తీర్చినవాడు. పాట అనగానే త్యాగయ్య. మరి బైబిల్లో పాటకీ మౌనానికీ ఉన్న అర్థం ఏంటి? దీనికి జవాబు నాకు ఒక మనిషి జీవితంలో దొరికింది. ఆవిడ పేరు హిల్డెగార్డ్. జర్మనీలో రైన్ నది ప్రాంతం, 12వ శతాబ్దం. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మనిషి, కానీ ఆవిడ పాటలు ఇవాళ మన ఫోన్లో వినొచ్చు.

80 ఏళ్ల వయసులో ఆవిడని ఇక పాడొద్దన్నారు. అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్తాను.

1098లో పుట్టింది. కలిగినింటి పిల్ల, తల్లిదండ్రులకు పదో సంతానం అంటారు. చిన్నప్పటి నుంచీ ఒంట్లో బాగుండేది కాదు. మిగతావాళ్లకు కనిపించని వెలుగేదో తనకు కనిపించేదట. ఎనిమిదో ఏటే ఆమెను దేవుడికి ఇచ్చేశారని ఆమె జీవితచరిత్ర చెబుతుంది. 1112 నవంబరు 1న, డిసిబోడెన్‌బెర్గ్ అనే కొండమీద ఉన్న మఠంలో, యుట్టా అనే యువ సన్యాసినితో పాటు ఒక చిన్న కుటీరంలోకి పంపి మూసేశారు. అప్పటికి హిల్డెగార్డ్‌కి 14 ఏళ్లు. ఆ వయసులో మనం ఏం చేస్తున్నామో ఒక్కసారి ఆలోచించండి.

యుట్టా ఆమెకు ముఖ్యంగా నేర్పింది దావీదు కీర్తనలు. బైబిల్లో కీర్తనలు 150. బెనెడిక్ట్ సంప్రదాయంలో వారం తిరిగేలోపు ఆ 150 కీర్తనలూ పాడాలి. తెల్లవారకముందు మొదలుపెట్టి రాత్రి దాకా రోజుకు ఎనిమిది సార్లు ప్రార్థన. చివరి ప్రార్థన అయ్యాక మళ్లీ తెల్లవారుజాము ప్రార్థన వరకు ఎవరూ మాట్లాడకూడదు. అంటే వాళ్ల రోజు పాటతో నిండితే, రాత్రి మౌనంతో నిండేది. ఆ మౌనాన్ని వాళ్లు శిక్ష అనుకోలేదు. మర్నాటి పాట అందులోంచే రావాలి.

హిల్డెగార్డ్ పెరిగిన కీర్తనల పుస్తకమే అలా ఉంటుంది. చాలాచోట్ల మధ్యలో సెలా అనే మాట వస్తుంది, మొత్తం 71 సార్లు. తెలుగు బైబిల్లోనూ దాన్ని అలాగే ఉంచారు. అది ఇక్కడ ఆగండి అని గాయకులకు ఇచ్చిన గుర్తు అని చాలామంది పండితుల ఊహ. మిగతా బైబిల్లోనూ ఈ ఆగడం ఉంది. యెరికో పట్టణం చుట్టూ ఆరు రోజులు యాజకులు బూరలు ఊదుతూ నడుస్తారు, జనం మాత్రం నోరు మెదపరు. ఏడో రోజు అరుస్తారు, గోడలు కూలతాయి. ఏలీయా ప్రవక్తకు పెనుగాలిలో దేవుడు కనిపించడు, భూకంపంలో లేడు, మంటల్లో లేడు. అవన్నీ అయ్యాక వచ్చిన అతి సన్నని నిశ్శబ్దం లాంటి స్వరంలో ఉంటాడు. ప్రకటన గ్రంథంలో పరలోకం అంతా పాటలే, కానీ ఏడో ముద్ర విప్పినప్పుడు ఇంచుమించు అరగంట అక్కడ కూడా నిశ్శబ్దం.

నాకు వీటన్నిటికంటే జెకర్యా కథ ఇష్టం. ముసలితనంలో కొడుకు పుడతాడని దేవదూత చెప్తే నమ్మడు. మాట పడిపోతుంది. బిడ్డ పుట్టి పేరు పెట్టే రోజుదాకా మూగవాడే. నోరు తెరుచుకోగానే మొదట వచ్చేది స్తుతి. ఆయన పాటను హిల్డెగార్డ్ మఠంలో ప్రతి ఉదయం పాడేవాళ్లు.

సరే, కథలోకి వద్దాం. 1136లో యుట్టా చనిపోయింది. మిగతా సన్యాసినులు హిల్డెగార్డ్‌ని పెద్దగా ఎన్నుకున్నారు. 42 ఏళ్లు దాటాక, 1141లో, చిన్నప్పటి ఆ వెలుగు ఇక దాచుకోలేనంతగా వచ్చింది. చూసింది రాయమని ఆజ్ఞ అయిందని చెప్పుకుంది. భయపడింది, మంచం పట్టింది, చివరికి రాసింది. ఆ పుస్తకం పేరు స్కివియాస్. పూర్తవడానికి పదేళ్లు పట్టింది. ఫోల్మార్ అనే సన్యాసి ఆవిడ లాటిన్‌ని సరిదిద్దేవాడు. పోప్ మూడో యూజీనియస్ దాకా అది వెళ్లి, రాయొచ్చని అనుమతి వచ్చింది. ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి ఇది మామూలు విషయం కాదు.

తర్వాత 1150 ప్రాంతంలో తన వాళ్లందరినీ తీసుకుని బింగెన్ ఊరి దగ్గర రూపెర్ట్స్‌బర్గ్‌లో సొంత మఠం పెట్టింది. పాత మఠం పెద్ద కూనో మొదట ఒప్పుకోలేదు. ఆవిడ కదలకుండా రాయిలా పడుకుండిపోయింది, ఎత్తబోతే లేవలేదు, అప్పుడు ఒప్పుకున్నాడు. మొండిఘటం అన్నమాట. ఈ మొండితనం మళ్లీ పనికొస్తుంది, చూడండి.

సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదని ఆవిడే చెప్పుకుంది. కానీ 70కి పైగా పాటలు కట్టింది. వాటికి తోడు ఒక సంగీత నాటకం, ఓర్డో వర్చూటమ్. ఒక ఆత్మ దారి తప్పుతుంది, సుగుణాలన్నీ స్త్రీ పాత్రలుగా వచ్చి దాన్ని వెనక్కి పిలుస్తాయి. వినయం పాడుతుంది, ప్రేమ పాడుతుంది, ఆత్మ కూడా పాడుతుంది. ఒక్క సాతానుకు మాత్రం పాట లేదు. వాడు అరుస్తాడంతే. వాడికి పాడడం చేతకాదు.

ఇప్పుడు 1178. రూపెర్ట్స్‌బర్గ్ శ్మశానంలో ఒక పెద్దమనిషిని పూడ్చారు. ఆయన ఒకప్పుడు చర్చి వెలివేసిన మనిషి. కానీ చనిపోయే ముందే పాపం ఒప్పుకుని, క్షమాపణ పొంది, చివరి సంస్కారాలన్నీ తీసుకున్నాడు. మైన్జ్ చర్చి అధికారులు దాన్ని ఒప్పుకోలేదు. ఆర్చిబిషప్పు క్రిస్టియన్ అప్పుడు ఇటలీలో ఉన్నాడు. ఇక్కడున్నవాళ్లు శవాన్ని తవ్వి బయట పారేయమన్నారు. లేదంటే మఠం మొత్తం మీద నిషేధం. పూజ ఉండదు, దివ్యసత్ప్రసాదం ఉండదు, పాట అసలే ఉండదు. ప్రార్థనలు తలుపులు మూసుకుని మెల్లగా చదువుకోవాలి.

ఆవిడ తవ్వనివ్వలేదు. చేతికర్రతో సమాధి ఆనవాళ్లు చెరిపేసిందని, ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా చేసిందని చెప్తారు. పాట ఆపమన్న ఆజ్ఞకు మాత్రం లోబడింది. ఒక ఆజ్ఞ కాదంది, దానికి పడిన శిక్షను మోసింది. ఆరు దశాబ్దాలకు పైగా రోజుకు ఎనిమిది సార్లు పాడిన గొంతు అది. ఆ ఇంట్లో ఇప్పుడు గొణుగుడే. తనతో ఉన్న అమ్మాయిలు దిగాలుపడిపోయారు.

బబులోను చెరలో ఉన్నవాళ్లు తమ సితారాల్ని నిరవంజి చెట్లకు తగిలించేశారని ఒక కీర్తనలో ఉంది. శత్రువు పాడమంటే పాడలేదు. ఆ మౌనం వాళ్లు ఎంచుకున్నది, ధిక్కారం అది. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. సొంతవాళ్లే నోరు మూయించారు.

ఆవిడ ఊరుకోలేదు, ఉత్తరం రాసింది. పాట మీద ఆ కాలంలో వచ్చిన గొప్ప రచనల్లో ఆ ఉత్తరాన్ని ఒకటిగా చెప్తారు. వాదన ఇలా సాగుతుంది. పాపం చేయకముందు ఆదాము గొంతులో దేవదూతల గానం ఉండేది, తర్వాత అది పోయింది. పోయినదాన్ని గుర్తుచేయడానికే ప్రవక్తలు కీర్తనలు కట్టారు, వాద్యాలు చేశారు. చివరి కీర్తనలో బూర, స్వరమండలం, సితారా, తాళాలు అన్నిటితో స్తుతించమన్నది అందుకే. వాద్యం బయట మోగుతుంటే లోపలి మనిషి నేర్చుకుంటాడు. మనిషి మళ్లీ పాడడం మొదలుపెట్టాడని తెలిసి సాతాను కలవరపడ్డాడు, అప్పటినుంచీ పాటను చెడగొట్టాలని చూస్తూనే ఉన్నాడు. కాబట్టి సరైన కారణం లేకుండా దేవుడి ఇంట్లో పాట ఆపించేవాళ్లు పరలోకంలో దేవదూతల పాటలో చోటు పోగొట్టుకుంటారు, జాగ్రత్త.

ఎవరికి రాస్తోందో గుర్తుంచుకోండి. నాటకంలో పాట రానిది సాతానుకు. ఉత్తరంలో పాట ఆపింది చర్చి పెద్దలు. ఆ పోలిక వాళ్లకు అర్థం కాకుండా పోదు.

ఉత్తరంతోనే పని కాలేదు. స్వయంగా మైన్జ్ వెళ్లి బతిమాలింది. కొలోన్ ఆర్చిబిషప్పు ఫిలిప్ కలగజేసుకున్నాడు. చనిపోయినాయనతో పాటే క్షమాపణ పొందిన ఇంకొక వీరుడు వచ్చి సాక్ష్యం చెప్పాడు. నిషేధం ఒకసారి ఎత్తేశారు, ఇటలీ నుంచి కబురొచ్చి మళ్లీ పెట్టారు. ఆవిడ మళ్లీ రాసింది. చివరికి 1179 మార్చిలో పూర్తిగా తొలగించారు.

అదే సంవత్సరం సెప్టెంబరు 17న, 81వ ఏట చనిపోయింది. అంటే పాట తిరిగొచ్చాక ఆవిడ ఉన్నది ఆరు నెలలు. 2012లో పోప్ పదహారో బెనెడిక్ట్ ఆవిడని పునీతురాలిగా గుర్తించి, చర్చి ఆచార్యుల వరుసలో చేర్చారు. అప్పటికి అలాంటి గౌరవం దక్కిన స్త్రీలు ఇంకో ముగ్గురే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆవిడ రాతప్రతులు రెండింటిని భద్రం కోసం డ్రెస్డెన్ పంపారు. బొమ్మలతో ఉన్న స్కివియాస్ ప్రతి 1945లో మాయమైంది, ఇప్పటికీ దొరకలేదు. పాటలున్న పెద్ద పుస్తకం మాత్రం మిగిలింది. దాదాపు 15 కిలోల బరువుంటుంది, వీస్‌బాడెన్ గ్రంథాలయంలో ఉంది. ఓర్డో వర్చూటమ్ కూడా అందులోదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. లాటిన్ రాకపోయినా సాతాను ఎక్కడొచ్చాడో మీకే తెలిసిపోతుంది.