గ్రంథాలయ విద్యకు జీవితార్జనను ధారపోసిన రంగనాథన్

భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయ స్థాయి విద్యగా నిలబెట్టిన ఆచార్య శియాలి రామామృత రంగనాథన్ తన జీవితకాలపు పొదుపును ఆ శాస్త్రానికే అర్పించారు. ఆయన రూపొందించిన కోలన్ వర్గీకరణ, ప్రతిపాదించిన పంచ సూత్రాలు లైబ్రరీ సైన్స్ విద్యార్థులకు నేటికీ పాఠ్యాంశాలు. ఏటా ఆగస్టు 12న ఆయన జయంతిని గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకోవడం, ఆయన చిత్రపటానికి పూలమాలలు వేయడం ఆనవాయితీ. అయితే ఆ చదువు ముందుకు సాగడానికి ఆయన చేసిన ధర్మనిధుల ఏర్పాటుకు అంతటి ప్రచారం లేదు. పీజీ స్థాయిలో ఈ శాస్త్రాన్ని అభ్యసిస్తున్న వారు తెలుసుకోదగిన చరిత్ర అది.

గణితం నుంచి గ్రంథాలయానికి

రంగనాథన్ 1892లో నేటి తమిళనాడులోని శియాలిలో జన్మించారు. ఆ ఊరినే ఇప్పుడు శీర్కాళి అని పిలుస్తున్నారు. ఆరేళ్ల వయసులోనే తండ్రిని కోల్పోయారు. స్థానిక హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. అక్కడ గణితాచార్యుడు ఎడ్వర్డ్ రాస్ ఆయనకు ఆదర్శ గురువయ్యారు. 1913లో బి.ఏ., 1916లో గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఆపై సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1917లో మంగుళూరు ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. తదుపరి కోయంబత్తూరు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలల్లో బోధించారు. మాటలో నత్తి ఉన్నప్పటికీ దానిని అధిగమించి మంచి బోధకుడిగా పేరు తెచ్చుకున్నారు.

1923లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడి పదవిని సృష్టించింది. దాదాపు 900 మంది దరఖాస్తు చేసుకున్నారు. వారిలో ఏ ఒక్కరికీ గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ లేదు. దేశంలో ఆ విద్య నేర్పే చోట్లు వేళ్లమీద లెక్కించదగినవే. రంగనాథన్ సైతం మౌఖిక పరీక్షకు ముందు బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో గ్రంథాలయాలను గురించిన వ్యాసం చదివి వెళ్లారు. పరిశోధనానుభవం ఉన్న కారణంగా పదవి ఆయనకే దక్కింది. 1924 జనవరిలో బాధ్యతలు స్వీకరించారు.

కొద్దిరోజులకే ఆయనకు విసుగు పుట్టింది. పాఠకులు రాని గదులు, కదలని పుస్తకాలు, మాట్లాడేందుకు మనిషి లేని ఏకాంతం. తరగతి గదికి తిరిగి పంపించమని విశ్వవిద్యాలయ పెద్దలను వేడుకున్నారు. ముందుగా లండన్ వెళ్లి శిక్షణ పొంది రావాలని, ఆ తర్వాత కూడా ఇష్టం లేకపోతే పాత ఉద్యోగానికి పోవచ్చునని వారు షరతు పెట్టారు. ఆ షరతు ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

లండన్ నేర్పిన పాఠం

లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరిన రంగనాథన్‌కు డబ్ల్యు.సి. బెర్విక్ సేయర్స్ మార్గదర్శకులయ్యారు. ఆయన సూచనపై ఇంగ్లండులోని వందకు పైగా గ్రంథాలయాలను తిరిగి చూశారు. అక్కడ చిన్నపిల్లలు, కార్మికులు, గృహిణులు గ్రంథాలయాలను వాడుకునే తీరు ఆయనను ఆశ్చర్యపరచింది. అదే సమయంలో పుస్తకాలను వర్గీకరించే పద్ధతుల్లోని లోపాలను గణితజ్ఞుడి దృష్టితో గుర్తించారు. ఒక దుకాణంలో చూసిన మెకానో ఆటవస్తువు ఆయనకు దారి చూపింది. కొద్దిపాటి విడిభాగాలతో అనేక బొమ్మలు నిర్మించవచ్చునంటే, కొద్దిపాటి మూలాంశాలతో సమస్త విషయాలనూ సూచించవచ్చునని ఊహించారు. ఆ ఊహ నుంచే కోలన్ వర్గీకరణ పుట్టింది.

1925లో తిరిగివచ్చిన తర్వాత తరగతి గది మాట ఎత్తలేదు. సెలవు అన్నది లేకుండా ఉదయం నుంచి రాత్రి వరకు గ్రంథాలయంలోనే గడిపేవారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం స్థాపనకు కారకులయ్యారు. అదే ఏడాది భార్య రుక్మిణి ప్రమాదవశాత్తు మరణించారు. 1929 చివరలో శారదను వివాహమాడారు. పెళ్లి జరిగిన రోజు మధ్యాహ్నమే ఆయన గ్రంథాలయానికి తిరిగి వచ్చారని చెబుతారు.

1931లో పంచ సూత్రాల గ్రంథం, 1933లో కోలన్ వర్గీకరణ, 1934లో సూచీకరణ నియమావళి వెలువడ్డాయి. పుస్తకం ఉన్నది వినియోగానికని, పాఠకుడికి తగిన పుస్తకం, పుస్తకానికి తగిన పాఠకుడు దొరకాలని, పాఠకుడి కాలం వృథా కారాదని, గ్రంథాలయం నిరంతరం పెరిగేదని ఆ పంచ సూత్రాల సారాంశం.

పాఠశాల నుంచి పీహెచ్‌డీ వరకు

తాను శిక్షణ కోసం సముద్రాలు దాటవలసి వచ్చింది. తర్వాతి వారికి ఆ అవస్థ ఉండరాదన్నది రంగనాథన్ సంకల్పం. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఆధ్వర్యంలో శిక్షణ తరగతులు ప్రారంభించారు. 1931లో వాటిని విశ్వవిద్యాలయం స్వీకరించింది. 1937లో అది పట్టభద్రుల కోసం ఏడాది పూర్తికాల డిప్లొమాగా రూపొందింది.

విశ్వవిద్యాలయ పాలకులతో పొసగక ఇరవై ఏళ్ల సేవ అనంతరం ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. కొంతకాలం తీవ్రమైన నిరాశకు లోనయ్యారు. 1945లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఆహ్వానించగా అక్కడికి వెళ్లి, దాదాపు లక్ష పుస్తకాలను స్వయంగా వర్గీకరించారు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపకులపతి సర్ మారిస్ గ్వయర్ పిలుపుపై ఢిల్లీ చేరారు. అక్కడ గ్రంథాలయ శాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీకి, ఆపై పీహెచ్‌డీకి బాట వేశారు. ఆయన పర్యవేక్షణలో డి.బి. కృష్ణారావు వ్యవసాయ శాస్త్ర గ్రంథాల వర్గీకరణపై పరిశోధించి, దేశంలో ఈ శాస్త్రంలో తొలి డాక్టరేటును 1950వ దశకంలోనే అందుకున్నారు. ఇతర శాస్త్రాల సరసన గ్రంథాలయ శాస్త్రానికి పీట వేసిన ఘట్టమది.

ఇల్లాలి పేరిట లక్ష రూపాయలు

డిగ్రీలు ఏర్పడినంత మాత్రాన చదువు నిలబడదని రంగనాథన్‌కు అనుభవం నేర్పింది. ఆచార్య పదవి లేని శాఖకు విశ్వవిద్యాలయంలో గౌరవం తక్కువ. బడ్జెట్లో కోత పడినప్పుడు ముందుగా దెబ్బతినేదీ అటువంటి శాఖలే. అందువల్ల 1950వ దశకం ద్వితీయార్ధంలో ఆయన తన జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికి విరాళంగా ఇచ్చారు. గ్రంథాలయ శాస్త్రంలో ఆచార్య పీఠం నెలకొల్పాలని కోరారు. అదే శారదా రంగనాథన్ పీఠం.

ఏ విశ్వవిద్యాలయం నుంచి మనసు కష్టపెట్టుకుని బయటకు వచ్చారో ఆ విశ్వవిద్యాలయానికే ఆయన సొమ్ము ఇవ్వడం గమనార్హం. పీఠానికి తన పేరు ఒక్కటే పెట్టుకోకుండా భార్య పేరును ముందు నిలపడం మరింత గమనార్హం. ఖద్దరు ధరించి, నిరాడంబరంగా, ఖర్చును ఆచితూచి గడిపిన కుటుంబం వారిది. అప్పటికి ఇరవై ఏళ్లు దాటిన కుమారుడు యోగేశ్వర్ ఉన్నారు. లక్ష రూపాయలు సామాన్య ఉద్యోగి ఊహించలేని మొత్తంగా ఉన్న రోజులవి. ఆ సొమ్ము వెనుక ఇల్లు నడిపిన ఇల్లాలి పొదుపు ఉన్నదని ఆ పేరే చెబుతుంది.

ధర్మనిధి పద్ధతిని ఎంచుకోవడంలోనూ గణితజ్ఞుడి లెక్క కనిపిస్తుంది. ఒక విద్యార్థికి ఒక ఏడాది సాయం చేస్తే అది ఆ ఏడాదితో ముగుస్తుంది. మూలధనాన్ని కదపకుండా దానిపై వచ్చే వడ్డీతో బోధన సాగిస్తే తరతరాల విద్యార్థులకు ఫలితం అందుతుంది. అయితే ధరలు పెరిగే కొద్దీ స్థిరమైన వడ్డీ విలువ తరిగిపోతుంది. దాతల పేరిట విశ్వవిద్యాలయాల్లో ఏర్పాటైన బంగారు పతకాలకు, బహుమతులకు నేడు ఎదురవుతున్న చిక్కు ఇదే. దాత వెళ్లిపోయిన తర్వాత సంస్థ, పూర్వ విద్యార్థులు మూలధనాన్ని పెంచితేనే అవి మనుగడ సాగించగలవు.

రాయల్టీలూ చదువుకే

1957లో భారత ప్రభుత్వం రంగనాథన్‌ను పద్మశ్రీతో గౌరవించింది. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన బెంగుళూరు చేరారు. ఆచార్య పి.సి. మహలనోబిస్ నాయకత్వంలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అండతో 1962లో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. డీఆర్‌టీసీగా పేరుపొందిన ఈ కేంద్రంలో ఆయన గౌరవాచార్యుడిగా పనిచేశారు. విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చి చదివించే సంప్రదాయం ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఈ కేంద్రం భాగం కావడం గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులకు మేలు చేసింది.

అదే దశకం ఆరంభంలో శారదా రంగనాథన్ గ్రంథాలయ శాస్త్ర ధర్మనిధిని బెంగుళూరులో స్థాపించారు. తన గ్రంథాల రాయల్టీలను దానికి సమర్పించారు. ఉపన్యాస పరంపరలు, పుస్తక ప్రచురణ, పరిశోధన పత్రిక నిర్వహణ ఈ ధర్మనిధి చేపట్టిన కార్యక్రమాలు. 1964లో ప్రారంభమైన ఆ పత్రిక పేరు మార్చుకుని నేటికీ వెలువడుతోంది. పరిశోధక విద్యార్థి తొలి వ్యాసం అచ్చు కావడానికి వేదిక కావాలన్న ముందుచూపు అందులో ఉంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నియమించిన సమీక్షా సంఘానికి అధ్యక్షత వహించి, గ్రంథాలయ శాస్త్ర బోధనా ప్రమాణాలపై 1965లో నివేదిక వెలువరించారు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆయనను జాతీయ పరిశోధనాచార్యుడిగా నియమించింది. 1970లో అమెరికా గ్రంథాలయ సంఘం మార్గరెట్ మాన్ పురస్కారం ప్రకటించింది. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో కన్నుమూశారు. 1992లో శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.

ఆయన మరణానంతరం అంతర్జాతీయ డాక్యుమెంటేషన్ సమాఖ్య వర్గీకరణ పరిశోధనకు ఆయన పేరిట పురస్కారం ఏర్పాటు చేసింది. కాలక్రమంలో ఆ సమాఖ్యే మూతపడింది. పురస్కారాల ఆయుష్షు వాటిని నిర్వహించే సంస్థల ఆయుష్షుపై ఆధారపడుతుందనడానికి ఇది నిదర్శనం.

తెలుగునాట ఫలితం

తెలుగు జిల్లాల్లో గ్రంథాలయోద్యమం రంగనాథన్ కంటే ముందే వేళ్లూనుకుంది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడే నాటికి ఆయన ఇంకా గణిత విద్యార్థి. అయ్యంకి వెంకట రమణయ్య వంటి వారు ఊరూరా పఠన మందిరాలు నెలకొల్పారు. ఉద్యమం పుస్తకాన్ని ప్రజల వద్దకు చేర్చగా, ఆ పుస్తకాన్ని క్షణాల్లో వెతికి ఇచ్చే శాస్త్రాన్ని రంగనాథన్ అందించారు. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వెనుక ఆయన కృషి ఉంది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాలకు ఆ చట్టమే వర్తించింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో వేరొక చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఇంటిపన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ సెస్సు ఆ చట్టం ద్వారా కొనసాగినవే.

నేటి విద్యార్థికి

గ్రంథాలయ, సమాచార శాస్త్రం నేడు యూజీసీ నెట్ పరీక్షలో ఒక సబ్జెక్టు. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించిన వారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000 వంతున ఫెలోషిప్ వర్తిస్తోంది. భాషాశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివే పరిశోధకుడితో సమానంగా గ్రంథాలయ శాస్త్ర పరిశోధకుడికి ఈ మొత్తం అందుతోంది. 1923లో దాదాపు 900 మంది అభ్యర్థుల్లో ఒక్కరికైనా శిక్షణ లేని స్థితి నుంచి ఇక్కడికి చేరడంలో రంగనాథన్ కృషి ప్రధానమైనది.

ఫెలోషిప్ అందుకునే వారు కొద్దిమందే. ఎం.ఎల్.ఐ.ఎస్సీ.లో చేరే మిగిలిన వారిలో పల్లెల నుంచి వచ్చి ఫీజుకు, హాస్టల్ ఖర్చుకు వెతుక్కునే వారూ ఉంటారు. అటువంటి వారికి చిన్న ధర్మనిధి సైతం చదువు ఆగకుండా చూడగలదు. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు తాము చదివిన శాఖలో ఒక ఉపకార వేతనాన్ని నెలకొల్పడం, ఉన్న పతకాల మూలధనాన్ని పెంచడం పెద్ద భారమేమీ కాదు. గ్రంథపాలకుడి జీతంతో, ఆచార్యుడి జీతంతో కూడబెట్టిన సొమ్మును రంగనాథన్, శారద దంపతులు అందుకే వినియోగించారు.