కొండవీడును లగ్గపట్టిన మహామంత్రి

వేటపాలెం: సాళువ తిమ్మరుసు అనగానే ఈ ప్రాంతవాసుల కళ్ల ముందు మెదిలేది 1962 నాటి చలనచిత్రంలోని గుమ్మడి వేంకటేశ్వరరావు రూపమే. అయితే ఆ మంత్రి మన సీమకు కేవలం వెండితెర పాత్ర కాదు. ఒకప్పుడు మోటుపల్లి రేవుపై పెత్తనం నెరపిన కొండవీటి దుర్గాన్ని జయించి, ఆ రాజ్యభారాన్ని స్వయంగా వహించిన వ్యక్తి ఆయన.

రాచిరాజు కుమారుడైన తిమ్మరుసు వీరనరసింహరాయల కొలువులో మంత్రిగా ఉన్నారు. 1509లో సింహాసనమెక్కిన శ్రీకృష్ణదేవరాయలు ఆయనను అప్పాజీ అని సంబోధించేవారని ప్రతీతి. అంతకుముందు రాయల కళ్లు పీకించాలన్న అన్నగారి ఆజ్ఞను మేకకళ్లు చూపి తప్పించారన్న కథను పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నునిజ్ రాసిపెట్టాడు. జనం నోట నేటికీ నిలిచిన కథ ఇది.

గజపతులపై దండయాత్రలో తొలి గురి ఉదయగిరి. ఒక్కొక్కరుగా మాత్రమే నడవగల ఇరుకు దారి కావడంతో కొండరాళ్లను పగులగొట్టి బాట వేయవలసి వచ్చింది. ఏడాదిన్నర ముట్టడి అనంతరం 1514లో ఆ కోట లొంగింది. ఆపై అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వరుసగా రాయల వశమయ్యాయి.

కొండవీటిలో గజపతి కుమారుడు వీరభద్రుడు స్వయంగా నిలిచి ఎదిరించాడు. అప్పుడు ముట్టడిదారులు దుర్గం చుట్టూ గోడల ఎత్తుకు కొయ్యమంచెలు లేపారు. మన రైతు చేనికాపలాకు వేసే మంచె వంటిదే, కాకుంటే సైనికులు నిలిచి పోరాడగలిగినంత పెద్దది. వాటిపై నుంచి కోటలోనివారితో సమాన ఎత్తున పోరాడి, ప్రాకారాన్ని కొంత పడగొట్టి, లగ్గలెక్కి లోనికి చొచ్చుకుపోయారు. శక సంవత్సరం 1437 ఆషాఢ శుద్ధ హరివాసరం శనివారం, అనగా 1515 జూన్ 23న, తిమ్మరుసు కొండవీడును గైకొన్నట్లు మంగళగిరి శాసనం తెలుపుతోంది. వీరభద్రుడు బందీ అయ్యాడు. కొండపై రాతి ప్రాకారాలు నేటికీ ఉన్నాయి గాని, వాటిని జయించిన కొయ్యకట్టడాల ఆనవాలు మాత్రం మిగలలేదు.

తరువాత కొండవీటి పాలన తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి దక్కింది. తిమ్మరుసు పండితుడు కూడా. బాలభారతానికి మనోహర అనే వ్యాఖ్య రచించారు.

ఆయన అవసానం విషాదకరం. రాయలు పట్టం కట్టదలచిన బాలుడు తిరుమలరాయలు మరణించగా, విషప్రయోగ నింద మంత్రి కుటుంబంపై పడింది. తిమ్మరుసును చెరలో వేసి కళ్లు తీయించారని నునిజ్ రాశాడు. ఆ నింద నిజమా అన్న విషయమై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.