లాటిను రాని శస్త్రవైద్యుడు: ఆంబ్రోయిజ్ పారే

నేడు వైద్యుడు కాగోరిన విద్యార్థి కళాశాలలో గ్రంథములు చదువును. ఆసుపత్రిలో రోగుల చెంత నిలిచి పని నేర్చును. ఇవి రెండును ఒకే విద్యలో భాగములని మనము తలంతుము. దాదాపు అయిదు వందల సంవత్సరములకు పూర్వము యూరపు ఖండమున అట్లు లేదు. చదివినవాడు వేరు, చేతితో చేయువాడు వేరు. ఆ ఎడము ఎంతటిదో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే జీవితమువలన చక్కగా తెలియును.

పారే క్రీ.శ. 1510 ప్రాంతమున లావాల్ పట్టణ సమీపమునగల గ్రామమున జన్మించెను. లాటిను నేర్చు అవకాశము ఆయనకు కలుగలేదు. ఆ కాలమున అది చిన్న కొరత కాదు. పారిస్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము చదువుటకు లాటిను తప్పనిసరి. విద్యార్థులు ఏండ్ల తరబడి హిప్పోక్రటీసు, గాలెన్ మున్నగువారి గ్రంథములను పఠించి, వాదసభలలో నెగ్గి పట్టము పొందెడివారు. శవచ్ఛేదము జరుగు దినమున ఆచార్యుడు ఎత్తైన పీఠముపై కూర్చుండి గ్రంథము చదువును. క్రింద కత్తి పట్టి కోయువాడు క్షురకుడు. గాలెన్ కోసి చూచినవి కోతులు, పందులు మొదలగు జంతువులేయను సంగతి పీఠముమీది వారికి తట్టనేలేదు.

నెత్తురు అంటుకొను పని పట్టభద్రునకు తగదని నాటివారి భావన. కురుపులు కోయుట, నెత్తురు తీయుట, విరిగిన ఎముకలు కట్టుట వంటివన్నియు ఇతరులకు వదలిరి. ఆ ఇతరులలోను తెగలు కలవు. సెయింట్ కోమ్ సంఘమునకు చెందిన శస్త్రవైద్యులు పొడవు అంగీ ధరించి పెద్దరికము నెరపెడివారు. వారికి దిగువన క్షురకవైద్యులుండిరి. పారే ఈ కట్టకడపటి మెట్టున చేరెను. అక్కడ శిష్యుని విద్య యనగా దుకాణమున నీరు కాచుట, కత్తులు నూరుట, గడ్డములు గొరుగుట. నడుమ నడుమ గురువు చేతివైపు చూచుచు పుండ్లకు కట్టు కట్టుట.

1533 ప్రాంతమున ఆయన పారిస్ నగరపు పెద్ద ధర్మాసుపత్రియగు ఒతెల్ ద్యూలో ప్రవేశించి ఇంచుమించు మూడేండ్లు పని చేసెను. ఒకే మంచముపై పలువురు రోగులు పడియుండెడి చోటు అది. ఒక శీతకాలమున చలికి నలుగురు రోగుల ముక్కు కొనలు చచ్చుపడగా వానిని తానే కోసినట్లు తరువాత వ్రాసికొనెను. పట్టము లేని ఆ యువకునకు అదియే విశ్వవిద్యాలయము.

పిమ్మట సైన్యముతో ఇటలీకి వెళ్లెను. 1537 నాటి పోరులో తుపాకి దెబ్బలు తిన్నవారు గుంపులుగా వచ్చిరి. తుపాకి గాయము విషపూరితమనియు, మరుగు నూనె పోసి కాల్చవలెననియు నాటి ప్రామాణిక గ్రంథముల శాసనము. ముప్పది ఏండ్లు నిండని పారే మొదట అట్లే చేసెను. నూనె అయిపోయెను. గత్యంతరము లేక గ్రుడ్డు పచ్చసొన, గులాబి తైలము, టర్పెంటైన్ కలిపి మిగిలినవారి గాయములకు పూసెను. కాల్చనివారు విషమెక్కి మరణింతురేమోయని ఆ రాత్రి నిదుర పట్టలేదు. తెల్లవారక మునుపే లేచి చూడగా, లేపనము పూసినవారు తక్కువ నొప్పితో విశ్రమించియుండిరి. కాల్చబడినవారు జ్వరముతో, వాపుతో తల్లడిల్లుచుండిరి. ఇక మీదట ఎవరిని అట్లు కాల్చరాదని ఆయన నిశ్చయించెను.

ఆ రాత్రి యాదృచ్ఛికమనవచ్చును. ఉల్లిపాయ సంగతి అట్టిది కాదు. వంటపిల్లవాడొకడు కాగు నూనెలో పడి కాలెను. మందులకై పోయిన పారేకు అచట ఒక పల్లెటూరి ముసలమ్మ, పచ్చి ఉల్లి ఉప్పుతో దంచి పట్టువేయుమని చెప్పెను. ఆయన ఆమెను నిరాకరింపలేదు. గ్రుడ్డిగా నమ్మను లేదు. కొంత మేర ఉల్లి, కొంత మేర వాడుక మందు వేసి చూచెను. ఉల్లి పెట్టినచోట బొబ్బలు లేవలేదు. మరియొకప్పుడు ముఖము కాలిన సైనికునకు ఒక వైపు ఉల్లి, రెండవ వైపు వేరు మందు వేసి పోల్చి చూచెను. పీఠములమీది వారెవరును నేర్పని పద్ధతి ఇది. ఐనను పారే పాతవాసన లేనివాడనుకొనరాదు. ట్యూరిన్ నగరపు వైద్యుడొకడు దాచుకొన్న గాయపు తైలము గుట్టు తెలియుటకు రెండేండ్లు ఆయనను ఆశ్రయించెను. తుదకు తెలిసినది కుక్కపిల్లలను, వానపాములను ఉడికించి తీసిన తైలమని! దానిని సంతోషముగా వాడెను. విద్యను రహస్యముగా దాచుకొను కాలమున శిష్యుని పాట్లు అట్టివి.

1545లో తుపాకి గాయముల చికిత్సపై గ్రంథమును ఫ్రెంచి భాషలోనే ప్రకటించెను. తనవంటి క్షురకవైద్యులు చదువగలది అదియే కదా. 1552లో దాంవిలే ముట్టడియందు ఒక అధికారి కాలు తీసివేసినప్పుడు, ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతపెట్టుటకు బదులు రక్తనాళములను దారముతో ముడివేసెను. ఆ ఏడాదియే రాజవైద్యులలో చేరెను; వరుసగా నలుగురు రాజులను సేవించెను.

1554లో సెయింట్ కోమ్ సంఘము ఆయనను సభ్యునిగా గైకొనెను. పరీక్ష లాటినులోనే! రాజాదరము కలవాడగుటచే సంఘము చూచియు చూడనట్లుండెను. వైద్య విభాగమువారు మాత్రము ఎగతాళి చేసిరి. 1575లో ఆయన సమగ్ర గ్రంథము వెలువడబోగా, దానిని ఆపుటకు వారు న్యాయస్థానమునకెక్కిరి. ఆ విభాగపు పెద్ద గూర్మెలాన్ 1580లో నాళములు ముడివేయు పద్ధతిని ఖండించెను. 1585లో పారే ప్రత్యుత్తరము ప్రకటించుచు తాను పనిచేసిన యుద్ధములను, ముట్టడులను ఒక్కొక్కటిగా వివరించి, పీఠము దిగి రాని ఆచార్యునకు శస్త్రవిద్య బోధించు అర్హత ఎక్కడిదని నిలదీసెను. ఒక చమత్కారము: ఆ గ్రంథము 1582లో ఆయన శిష్యుడు గిల్మో చేత లాటినులోనికి అనువదింపబడెను. ఏ భాష రాదని ఆయనను నవ్విరో ఆ భాషలోనే పండితులు ఆయనను చదివిరి.

1590 డిసెంబరు 20న పారే పారిస్‌లో మరణించెను. పారిస్ శస్త్రవైద్యులను క్షురకవృత్తినుండి రాజశాసనము వేరుచేసినది 1743లో. విప్లవకాలమున పాత విశ్వవిద్యాలయములు రద్దయిన పిమ్మట, 1794లో పారిస్, మాంపెలియే, స్ట్రాస్‌బూర్ నగరములలో క్రొత్త ఆరోగ్య విద్యాలయములు వెలసెను. వానిలో వైద్యము, శస్త్రవిద్య కలిపి బోధించిరి. విద్యార్థులను రోగి మంచము చెంతకు కొనిపోయిరి.