మోటారు విప్పి నేర్చుకున్న మన నాయుడుగారు

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్ ఉంది. 2025 అక్టోబరులో ప్రారంభించారు. దానికి పెట్టిన పేరు జి.డి. నాయుడు. తమిళనాట ఆ పేరు చిన్నపిల్లలకీ తెలుసు. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం చాలామందికి తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, మన దేశంలో కరెంటు మోటారు తయారీకి దారి వేసిన మనిషి ఆయన. ఇక్కడ ఖతార్ ఉత్తరపు కొసన, మదీనత్ అల్ షమాల్‌లో, కాంక్రీటు వైబ్రేటర్లు, మిక్సర్లు, నీళ్ళు తోడే పంపుల మధ్య రోజంతా గడిపే నాలాంటి డిప్లొమా వాళ్ళకి ఆయన కథ తప్పకుండా తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

బడి అచ్చిరాని కుర్రాడు

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. విజయనగర, నాయకరాజుల కాలంలో అరవదేశం వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళ సంతతి. పుట్టిన కొద్దికాలానికే తల్లి పోయింది. బడి అంటే ఆయనకి గిట్టేది కాదు. చిన్న తరగతులతోనే చదువు ఆగిపోయింది, పొలం పనిలో పడ్డారు.

ఒకరోజు ఓ తెల్ల అధికారి మోటారు సైకిల్ మీద రావడం చూశారు. రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, అయినా పరుగెడుతోంది! దాని లోపల ఏముందో చూడాలన్న పిచ్చి ఆ క్షణం నుంచి పట్టుకుంది. కొనాలంటే డబ్బు కావాలి కదా. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వర్‌గా చేరారు. కొన్నేళ్ళు జీతం కూడబెట్టి చివరికి ఆ బండి కొన్నారు. కొన్నాక ముందు చేసిన పని దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పడం. తర్వాత మళ్ళీ బిగించడం. ఆయన చదివిన ఇంజనీరింగ్ కాలేజీ అదే అనుకోవచ్చు.

ఒక్క బస్సుతో మొదలు

తర్వాత తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేశారు. బాగానే సంపాదించారు. ఆ ఊపులో బొంబాయి వెళ్ళి అక్కడి పత్తి బేరాల్లో సంపాదించినదంతా పోగొట్టుకుని వెనక్కి వచ్చారు. ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు. ఆయన మాత్రం 1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచ్చి, పళని మధ్య తనే నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. అందరూ యు.ఎం.ఎస్. అనేవారు. 1930లలో వందల బస్సులున్న సంస్థ అది. ఇన్ని బండ్లు నడవాలంటే రిపేరు చేసే చేతులు, విడిభాగాలు చేసే వర్క్‌షాపు ఉండాలి. ఆ వర్క్‌షాపుల పనే ఆయన్ని మోటార్ల వైపు నడిపించింది.

1937 నాటి మోటారు

1930ల మొదట్లో నీలగిరి కొండల్లోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు ప్రాంతానికి చేరింది. కరెంటు వచ్చాక నూలు మిల్లులు వరసగా లేచాయి. అక్కడి రైతులవి లోతు బావులు. ఎడ్లతో మోట తోలి నీళ్ళు తోడేవారు. మిల్లుకీ, బావికీ మోటారు కావాలి. ఆ మోటార్లేమో ఓడ మీద విదేశాల నుంచి రావాలి. ధర ఎక్కువ. పాడైతే విడిభాగం కోసం మళ్ళీ ఓడ వైపే చూడాలి.

పీలమేడులో నాయుడుగారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ ఉండేది. డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో అక్కడి నుంచి మోటారు బయటికి తెచ్చారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. బాలసుందరంగారు తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టారు. అక్కడి నుంచి కోయంబత్తూరు చుట్టుపక్కల మోటార్లు, పంపుల కార్ఖానాలు వందలుగా పుట్టుకొచ్చాయి. మన పల్లెల్లో రైతు ఇప్పటికీ కోయంబత్తూరు మోటారు అని నమ్మకంగా అడుగుతాడంటే దాని వేరు అక్కడుంది.

మోటారు చేయడం అంత కష్టమా అని అడగొచ్చు. సూత్రం కొత్తది కాదు. ఇండక్షన్ మోటారుకి టెస్లా 1888లోనే అమెరికాలో పేటెంట్లు తీసుకున్నాడు. బయట కదలని భాగంలో రాగి చుట్లు ఉంటాయి. కరెంటు పోతే అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంది. లోపలి రోటర్ దాని వెంట పడుతుంది. చెప్పడం తేలిక. చేయడానికి పలుచటి ఉక్కు రేకులు ఒకే కొలతలో కొట్టాలి. రాగి తీగకి ఇన్సులేషన్ సరిగ్గా ఉండాలి. రోటర్‌కీ బయటి భాగానికీ మధ్య సందు మిల్లీమీటరు కంటే తక్కువ, అయినా ఎక్కడా తగలకూడదు. ఇవన్నీ పుస్తకం చదివితే రావు, చేతికి అలవాటు కావాలి. ఆ అలవాటుని ఆయన ఒక ఊరికే నేర్పించారన్నమాట.

మన క్యాంపు వాషింగ్ మిషన్‌లో

నాయుడుగారు బట్టలుతికే మిషన్ చేశారని నేను చెప్పడం లేదు. కానీ గల్ఫ్‌లో ఉండే మనకి రోజూ చేతికి తగిలే మోటారు అదే కదా. క్యాంపుల్లో ఎక్కువగా కనిపించే సెమీ ఆటోమేటిక్ మిషన్‌లో రెండు మోటార్లుంటాయి. ఒకటి ఉతకడానికి, ఒకటి నీళ్ళు పిండడానికి. రెండూ ఇండక్షన్ మోటార్లే, పక్కన కెపాసిటర్ ఉంటుంది. ఉతికే మోటారు కాసేపు కుడికీ, కాసేపు ఎడమకీ తిరుగుతుంది. దాన్ని టైమర్ మారుస్తుంటుంది. మోటారు మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు పోయింది కెపాసిటరే. సిమెంటు పట్టిన కవరాళ్ళు నాలుగు కుక్కి తిప్పితే బరువు లాగలేక చుట్లు వేడెక్కుతాయి. ఇన్సులేషన్ కాలి మోటారే పోతుంది.

ముందు డోరు ఉండే పాత మిషన్లలో కార్బన్ బ్రష్షుల మోటారు ఉండేది. బ్రష్షులు అరిగితే మార్చాలి. 1990ల నుంచి ఇంకో రకం వచ్చింది. రోటర్‌కి శాశ్వత అయస్కాంతాలు పెట్టి, వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో నడిపించారు. బ్రష్షులు లేవు. కొన్నిట్లో మోటారుని నేరుగా డ్రమ్ముకే బిగించడంతో బెల్టు కూడా పోయింది. చప్పుడు తగ్గింది, కరెంటు ఖర్చు తగ్గింది. మెరుగుదల అంటే ఇలా ఒక్కో అరుగుదల భాగాన్నీ తీసేసుకుంటూ పోవడమే. నాయుడుగారి బుర్ర నడిచిన తీరు సరిగ్గా ఇదే.

రేజరు నుంచి కారు దాకా

ఆయన రసాంట్ అనే కరెంటు రేజరు రూపొందించారు. డ్రై సెల్స్‌తో నడిచే బుల్లి మోటారు అందులో ఉంటుంది. అది జర్మనీలో తయారైంది. చాలా పలుచని షేవింగ్ బ్లేడు, పళ్ళరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, దొంగ ఓట్లు పడకుండా ఓటు నమోదు చేసే యంత్రం, ఇలా జాబితా పెద్దదే. 1941లో అయిదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇవ్వగలనన్నారు. బొప్పాయి, పత్తి మొక్కల మీదా ప్రయోగాలు చేశారు. 1967లో పొద్దున పునాది వేసి సాయంత్రానికి ఇల్లు నిలబెట్టించారని కూడా చెప్తారు. స్లాబుకి క్యూరింగ్ రోజులు లెక్కపెట్టుకునే మనకి అది వింటే కళ్ళు తిరుగుతాయి.

అన్నీ నెగ్గలేదు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడే ఆగిపోయింది. చేయగల చెయ్యి ఉంది, కొనగల జనం ఉన్నారు, మధ్యలో కాగితం లేదు. అంతకుముందు 1936 ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా.

నాలుగేళ్ళు ఎందుకు?

నన్ను బాగా ఆలోచింపజేసింది ఆయన కాలేజీ సంగతి. ఆయన చొరవతో, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఆ కాలేజీయే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. చిన్న తరగతులతో బడి మానేసిన మనిషి 1945లో దానికి ప్రిన్సిపాల్! నాలుగేళ్ళ కోర్సులో కాలం వృథా అవుతోందని, పనితో కలిపి నేర్పితే రెండేళ్ళు చాలని ఆయన వాదన. సర్కారు ఒప్పుకోలేదు. పదవి వదిలేసి వచ్చేశారు.

అందరికీ రెండేళ్ళే చాలని నేనూ అనను. లెక్క తప్పితే బిల్డింగు పడిపోతుంది, లోతైన చదువు చదివిన ఇంజనీరు ఉండాల్సిందే. కానీ గల్ఫ్‌లో డిగ్రీ కాగితానికి ఒక హోదా, డిప్లొమాకి ఇంకో హోదా, ఏ కాగితం లేకుండా పదిహేనేళ్ళుగా వైండింగ్ చేస్తున్న అన్నకి అసలు హోదాయే లేకపోవడం మనమంతా చూస్తున్నదే. పని తెలిసినవాడిని కాగితంతోనే కొలవడం సరైనదేనా అన్న ప్రశ్నని నాయుడుగారు అప్పట్లోనే అడిగారు. జవాబు ఇంకా రాలేదు.

ఆయన వదిలి వెళ్ళింది

1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో నాయుడుగారు కన్నుమూశారు. ఆయన సేకరించిన, తయారు చేసిన యంత్రాలు అవినాశి రోడ్డులోని మ్యూజియంలో ఉన్నాయి. సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు అటు వెళ్ళే పని పడితే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

మనమూ ఊరు వదిలి వచ్చి పైసా పైసా కూడబెట్టే వాళ్ళమే. అప్పు తీరాలి, ఇల్లు కట్టాలి, చెల్లి పెళ్ళి చేయాలి. ఇవేవీ తప్పవు. అయితే ఆ హోటల్ సర్వర్ కూడబెట్టిన డబ్బుతో ఒక యంత్రాన్ని కొని దాని లోపలికి చూశాడని కూడా గుర్తుంచుకుందాం. రూములో పాడైన మిషన్ మూల పడి ఉంటే, ప్లగ్గు తీసేసి, కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు పోగొట్టే పద్ధతి తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్నని పక్కన పెట్టుకుని, విప్పి చూడండి. వీసా ఏదో ఒకరోజు అయిపోతుంది. చేతికొచ్చిన పని మాత్రం మనతోపాటే విమానం ఎక్కుతుంది.

- ఒక సైట్ సూపర్‌వైజర్, మదీనత్ అల్ షమాల్, ఖతార్